మైనంలో ఉండగానే

పళ్ళ గది, మేడమీద
మంగళవారం మధ్యాహ్నం

చెల్లాయికి,

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. నువ్వు అడిగింది ఒక్క ముక్క: ‘సెట్’ అనే ఇంగ్లీషు మాటని మనవాళ్ళు ఎన్ని రకాలుగా వాడతారో నీకు తోచినంత రాసి పంపు అన్నయ్యా, మా టీచరమ్మ అడిగింది, అని. దానికి ఉత్తరమెందుకు, కార్డు ముక్క చాలనుకుని సొరుగు లాగాను. రాలేదు. ఊడబీకి, అంచులకి మైనం రాసి మళ్ళీ తోశాను. ‘ఆఁ, ఇప్పుడు సెట్ అయింది’ అన్నాను, గదిలో నరపురుగు లేకపోయినా. అన్నాక ఇక రాయక తప్పుతుందా. ఫోనులో చెప్పొచ్చు కానీ నాకు వినబడదు, నీకు ఓపికుండదు.

ముందుగా నా ఆశ్చర్యం స్వీకరించు. పొద్దంతా లాండ్రీ కౌంటరు దగ్గర నిలబడి, సాయంత్రం లైబ్రరీ మేడమీద బెంచీలో కూర్చుని ఇంగ్లీషు నేర్చుకుంటున్నావన్న మాట. చిన్నప్పుడు బడికి పొమ్మంటే కడుపునొప్పి అనేదానివి. ఇప్పుడు నిజంగా నొప్పులొచ్చే వయసులో బడికి పోతున్నావు.

నా చదువు సంగతి నీకు తెలుసు. పాత పుస్తకాల వాడి దగ్గర కొన్న నిఘంటువే నా బడి. దాని చివరి పేజీలు ఎలకలు తిన్నాయి కాబట్టి నాకు ఇంగ్లీషు ‘డబ్ల్యూ’ దాకానే వచ్చు. అందులో ఈ మాట తీశాను. మొదలైన పేజీలో వేలు పెట్టి భోజనానికి లేచాను. తిన్నాను, కాస్త పడుకున్నాను, వచ్చి చదివితే ఇంకా అదే మాట నడుస్తోంది. ఇంగ్లీషువాళ్ళు కూడా పని తెమలని చోటికల్లా ఈ మాటనే పంపేవారనుకుంటా, మన పెద్దమ్మ ఇంట్లో ఎవరున్నా నిన్నే కేకేసినట్టు.

నిఘంటువు మూసి, చెవులు తెరిచాను. వినబడినంత రాస్తున్నాను. కింద అంతస్తులో మా పళ్ళ డాక్టరు కాంపౌండరుతో, ‘రేపు ఆ ఇద్దరికీ టైము సెట్ చెయ్యి’ అన్నాడు. మెట్ల గోడకి రంగు వేస్తున్న వాళ్ళలో ఒకడు రెండోవాడితో, ‘ఆ నిచ్చెన నీ ఎత్తుకి సెట్ అవ్వదురా, దిగు’ అన్నాడు. ఎదురింటావిడ కొడుక్కి ఉద్యోగం వచ్చిందట. ‘ఇంక మావాడి లైఫు సెట్ అయిపోయిందండీ’ అంది. వాణ్ణి చూశాను. వాడికింకా మీసమే సెట్ అవ్వలేదు.

ఇక నా పని. డాక్టరు కింద నోటి అచ్చు తీసి పైకి పంపుతాడు, నేను పళ్ళ సెట్టు కట్టి కిందికి పంపుతాను. ఒకటి. ఆ అచ్చులో ప్లాస్టరు పోస్తే అది సెట్ అవ్వాలి. రెండు. సెట్ అయ్యేటప్పుడు ప్లాస్టరు వేడెక్కుతుంది, తెలుసా? చెయ్యి ఆనిస్తే జ్వరం వచ్చిన పసివాడి నుదురులా ఉంటుంది. ఇన్నేళ్ళయినా నేను ప్రతిసారీ చెయ్యి ఆనించి చూస్తాను, అవసరం లేకపోయినా. మూడోది, మైనంలో పళ్ళు ఒక్కొక్కటే గుచ్చి వరస సెట్ చెయ్యడం. మైనంలో ఉన్నంతసేపు ఏ పన్నయినా జరుపుకోవచ్చు. మైనం తీసేసి గట్టి ప్లాస్టిక్ చిగురులోకి మార్చేశాక మనం చేయగలిగిందేం లేదు, ఆ మనిషి జీవితాంతం అలాగే నవ్వాలి.

అందుకే నా పద్ధతి ఒకటుంది. మైనం మీద ఉండగానే నోట్లో పెట్టి చూసే రోజున, ఇంటి మనిషి ఒకరు వెంట రావాలి. అద్దం చూపించేది తిరగేసిన మొహం, తన నవ్వు తనకి తెలియదు. రోజూ ఎదురుగా కూర్చుని తినే మనిషికి తెలుస్తుంది. డాక్టరు ‘ఇవాళ ఎవరికి పెళ్ళిచూపులు మేస్త్రీ?’ అని ఎగతాళి చేస్తాడు. చేసుకోనీ. బావకి సెట్టు కట్టినప్పుడు వరసంతా తీర్చిదిద్ది నేను మురిసిపోతుంటే, ‘ఎవరి పళ్ళివి అన్నయ్యా, మా ఆయన కోరపన్ను పక్కదాని మీదికి ఎక్కి ఉంటుంది, ఎక్కించు’ అన్నది నువ్వే కదా. ఆ రోజు నుంచీ నాకా పద్ధతి.

చూశావా, మాట అడిగితే దుకాణమంతా చూపించాను. మోకాలు తప్ప అన్నీ బాగున్నాయి.

అన్నయ్య

---

లాండ్రీ వెనక గది
శనివారం

అన్నయ్యకు,

నీ ఉత్తరం టీచరమ్మకి చూపించాను. మీసం దగ్గర నవ్వింది, వెంటనే నవ్వనట్టు మొహం పెట్టింది. మాకు కూతురుంటే ఆ వయసుండేది, కానీ తరగతిలో అందర్నీ నిలబెట్టేస్తుంది. పుస్తకాల్లోవి వద్దు, మనుషుల నోళ్ళలోవి తెమ్మంటుంది. ఇద్దరిద్దరికీ ఒక మాట ఇచ్చింది. నా జోడీ గడియారాలు బాగుచేసే ఆయన. మా వీధి చివర మెట్ల కింద ఆయన దుకాణం, లోపలికి వెళ్ళాలంటే తల వంచాలి.

ఆయన తెచ్చినవి బాగున్నాయి. గడియారం సెట్ చెయ్యడమంటే ముల్లు తిప్పడం కాదట, అది అందరికీ వచ్చట. రోజూ అది ఎంత తొందరపడుతోందో కనిపెట్టి, దాని నడక మార్చడమట. నేను తెచ్చినవి కౌంటరు దగ్గరివి. ‘ఈ సబ్బు వాసన మా ఆయనకి సెట్ అవ్వదు’, ‘కోటు భుజాలు సెట్ చేసి ఇవ్వండి’, ‘మీరు కొత్తగా పెట్టిన అమ్మాయి మాకు సెట్ అవ్వట్లేదండీ, నవ్వుతూ ఉంటుంది’. ఇద్దరం లైబ్రరీ మెట్ల మీద కూర్చుని వీటిని వరసలో పెడుతున్నాం. ‘సెట్ అవ్వదు’ అన్నవే ఎక్కువున్నాయి. ఎందుకు అవ్వదో చెప్పే పని లేకుండా తప్పించే మాట అది, అన్నారాయన. నాకూ నిజమే అనిపించింది.

వేరే సంగతి. ఒకాయనకి కింది సెట్టు బాగా వదులు. మాట్లాడితే టిక్కుమంటుంది. నవ్వు వస్తే చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. రొట్టె టీలో నానబెడితే గానీ తినలేరు. దీనికేదైనా చెయ్యొచ్చా? ఊరికే అడిగాను.

చెల్లాయి

---

పళ్ళ గది
బుధవారం

చెల్లాయికి,

‘ఊరికే’ అని రాశావు. నువ్వు పుట్టిన దగ్గర్నుంచీ ఊరికే అడిగిందేదీ ఊరికే పోలేదు. చిన్నప్పుడు ‘ఆ మేకపిల్ల ఎవరిది అన్నయ్యా, ఊరికే’ అన్నావు. సాయంత్రానికి అది మన వంటింట్లో ఉంది.

ముందు వైద్యం. ఏళ్ళు గడిచేకొద్దీ చిగుళ్ళు కరుగుతాయి. సెట్టు కరగదు. అది తను వచ్చిన రోజునే పట్టుకుని కూర్చుంటుంది, మనిషి లోపల్లోపల తగ్గిపోతుంటాడు. బజారులో ఏదో జిగురు అమ్ముతారు, అది కొనొద్దని చెప్పు. కొత్త అచ్చు తీయించి, పైనా కిందా కొత్త సెట్టు కట్టించుకోవాలి. అంతకు మించి మార్గం లేదు.

ఇక ఆ ‘ఒకాయన’. ఆయన దగ్గర గడియారాల నూనె వాసన వస్తుందా? వస్తే, నోట్లో టిక్కుమనడం న్యాయమే, అలా వదిలెయ్యమను. రాకపోతే ఎవరో రాయి. బట్టలు వేసిపోయే వాళ్ళందరి పళ్ళనీ నువ్వు ఇంత శ్రద్ధగా చూస్తావా? రొట్టె టీలో నానబెట్టుకోవడం కౌంటరు దగ్గర కనబడదే.

నీ మాటల మూటకి ఒకటి పంపుతున్నాను. కింద డాక్టరు ఎన్నికల వార్త చదివి, ‘అంతా సెట్టింగే’ అన్నాడు. ముందే కూడబలుక్కున్నారు అని భావం. ఊరికే రాశాను.

అన్నయ్య

---

లాండ్రీ వెనక గది
ఆదివారం, షాపు సెలవు

అన్నయ్యకు,

వస్తుంది. నూనె వాసన వస్తుంది.

దాచాలని కాదు. చెప్పడానికి నాకే ఇంకా సరిగ్గా తెలియదు. పోయిన వారం ఆయన కోటు తీసుకోవడానికి వచ్చారు. కోటు ఇచ్చాను. తీసుకోకుండా నిలబడ్డారు.

‘మీకు ఇబ్బంది లేకపోతే, మిగిలిన రోజులు కలిసి ఉందామా అని అడుగుదామనుకుంటున్నాను’ అన్నారు.

‘అనుకుంటున్నారా, అడుగుతున్నారా?’ అన్నాను.

‘అడిగేసినట్టే ఉన్నాను’ అన్నారు, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకునే. వెనక ఒకావిడ దుప్పట్లు పట్టుకుని నిలబడి ఉంది. ఆవిడ వెళ్ళేదాకా ఇద్దరం ఆ దుప్పట్ల గురించే మాట్లాడాం.

మా అన్నయ్యని అడగాలి అని చెప్పాను. నీకు నవ్వు రావచ్చు. జుట్టంతా నెరిశాక అన్నయ్యని అడగడమేమిటని. అనుమతి కోసం కాదు. మీ బావా నువ్వూ కూర్చుంటే నేను మూడోదాన్ని అయిపోయేదాన్ని. ఆయన పోయినప్పుడు నాకంటే నువ్వే ఎక్కువ రోజులు అన్నం వదిలేశావు. అందుకని అడుగుతున్నాను. నీ మనసులో ఏ మాత్రం ముల్లు ఉన్నా నేను ఇక్కడితో ఆపేస్తాను, ఆయనతో మర్యాదగా చెప్పేస్తాను, నీ మీద కోపం పెట్టుకోను. కానీ పైకి సరే అని లోపల కుమిలిపోవద్దు. అది మటుకు నేను భరించలేను.

నాకు ఇష్టమే అన్నయ్యా. అది కూడా రాసేశాను.

చెల్లాయి

---

పళ్ళ గది
గురువారం

చెల్లాయికి,

ఉత్తరం అందింది. నాకేమీ అభ్యంతరం లేదు. నీ ఇష్టం. మనిషిని పంపు, పళ్ళు కడతాను.

అన్నయ్య

---

పళ్ళ గది
మంగళవారం సాయంత్రం

చెల్లాయికి,

నీ గడియారాలాయన వచ్చి వెళ్ళాడు. పోయిన ఉత్తరం పొట్టిగా ఉందని ఆయనతో అన్నావట. పని ఒత్తిడి. ఇది పొడుగ్గా రాస్తున్నాను.

చెప్పిన వేళకంటే ముందే వచ్చి, పైకి రాకుండా మెట్ల మీద కూర్చున్నాడు. రంగులు వేసేవాళ్ళు ఆయన చుట్టూ వేసుకుంటూ పోయారు. లేచేసరికి కోటు వెనక ఒక చార. ‘మీ చెల్లెలిగారే ఉతకాలి’ అన్నాడు. ఈ ముక్క నాకు కాస్త నచ్చింది.

డాక్టరు అచ్చు తీశాక పైకి తీసుకొచ్చి, రొట్టె పెట్టాను. టీ ఇవ్వలేదు. నా బుద్ధి నీకు తెలిసిందే. తిన్నాడు. చాలాసేపు తిన్నాడు. టీ అడగలేదు. చివరికి నాకే సిగ్గేసి ఇచ్చాను.

‘మీ సొంత పళ్ళు ఎలా ఉండేవి?’ అనడిగాను.

‘గుర్తు లేదండీ’ అన్నాడు. ‘వాటినెవరూ అంత పట్టించుకుని చూడలేదు.’

‘ఫొటో?’

‘ఫొటోల్లో నోరు మూసుకునే ఉన్నానండీ. చిన్నప్పటి నుంచీ.’

‘ఇంట్లో ఎవరైనా చెప్తారా?’

‘ఇంట్లో గడియారాలే ఉన్నాయండీ. మా ఆవిడ పోయి చాలా కాలమైంది. పిల్లల్లేరు.’

నేను నా పద్ధతి చెప్పాను. మైనం మీద చూసే రోజు ఇంటి మనిషి రావాల్సిందే, లేకపోతే నేను ముందుకి కదలను అన్నాను. ఆయన టోపీ తిప్పుతూ కూర్చున్నాడు. ‘ఇంటి మనిషి అనొచ్చో లేదో తెలియదు గానీ, ఒకరిని అడిగి చూస్తాను’ అన్నాడు. ఎవరో నేను అడగలేదు. అడగకుండా ఉండడానికి కష్టపడ్డాను.

కాబట్టి వచ్చే ఆదివారం ఇద్దరూ రండి. నువ్వు వస్తే ఆయన్ని నా ముందుకి తెచ్చి నిలబెట్టినట్టే. నాకు తెలుసు, నీకూ తెలుసు. రా. మనిషి బాగానే ఉన్నాడు.

అన్నయ్య

---

లాండ్రీ వెనక గది
బుధవారం

అన్నయ్యకు,

ఆదివారం భోజనం పెట్టుకుని మా కోసం కూర్చున్నావు. తినకుండా వచ్చేశాను. తలనొప్పి అని చెప్పాను. తలనొప్పి కాదు.

మూడు రోజులుగా ఎలా రాయాలో తెలియక ఊరుకున్నాను. సూటిగానే రాస్తాను.

నువ్వు మైనం పళ్ళు ఆయన నోట్లో పెట్టావు. కిటికీ వైపు తిప్పి, నవ్వండి అన్నావు. ఆయన చెయ్యి అడ్డం పెట్టుకోబోయి, మళ్ళీ దించి నవ్వారు. మీ బావ నవ్వారు అన్నయ్యా.

ఎడమ వైపు కోరపన్ను పక్కదాని మీదికి ఎక్కి ఉంది. అదే వాలు. అది నేను చెప్పి చేయించిందే, నాకు తెలియదా? నాకు ఒక్క క్షణం ఒళ్ళంతా తేలికైపోయింది. అంతలోనే అది ఎవరి మొహమో గుర్తొచ్చింది. ఆయన ‘ఎలా ఉన్నాయి?’ అని అడుగుతున్నారు, ఆ నోటితో.

నీకు ముల్లు ఉంటే చెప్పమన్నాను కదా. అభ్యంతరం లేదని ఒక్క ముక్క రాసి పంపావు. నోటితో అనలేనిది పళ్ళతో అన్నావా? ‘మీ ఆయన్ని మర్చిపోయావా’ అని నన్నడగడానికి వేరే దారి దొరకలేదా? ఆయన ఏం చేశారు పాపం, టీ లేకుండా రొట్టె తిన్నారు.

బస్సులో ఆయన అడిగితే చెప్పేశాను. దిగేటప్పుడు నా సంచీ అందించి వెళ్ళిపోయారు. నిన్న తరగతిలో వేరే వేరే బెంచీల్లో కూర్చున్నాం. టీచరమ్మ ‘మీ ఇద్దరి మాట ఎంతవరకు వచ్చింది?’ అంది. చాలావరకు అయిందండీ అన్నారాయన.

నీకు ఇష్టం లేదని నాకు అర్థమైంది. నేను మాట ఇచ్చినట్టే ఆపేస్తాను. ఒక్కసారి నువ్వు నోరు తెరిచి చెప్పు. అంతే అడుగుతున్నాను.

చెల్లాయి

---

పళ్ళ గది
శుక్రవారం

చెల్లాయికి,

నీ ఉత్తరం చదివి ముందు కోపం వచ్చింది. ఇన్నేళ్ళ పనిలో నా మీద ఎవరూ ఇలాంటి నింద వెయ్యలేదనుకున్నాను. బావ పళ్ళ సెట్టుకి తీసి ఉంచిన ప్లాస్టరు నకలు పై అలమరలో ఉంటుంది. నీ మాట తప్పని చూపించడానికే స్టూలు ఎక్కి దించాను, మోకాలు వద్దంటున్నా. గడియారాలాయన మైనం పక్కన పెట్టాను.

నీ మాట తప్పు కాదు. అదే కోర. అదే వాలు. ఆఖరికి పక్క పన్ను కొంచెం లోపలికి నొక్కి ఉండడం కూడా అదే.

సాయంత్రం దాకా ఆ రెండిటి ముందూ కూర్చున్నాను. మనవాళ్ళు ‘సెట్ అయింది’ అంటారు చూడు, ఎవరో చేశారని అనరు. సంబంధం సెట్ అయింది, గొడవ సెట్ అయింది, అన్నీ వాటంతటవే అయిపోతాయి మనకి. నేనూ అలా తప్పించుకోవచ్చు, పన్ను అలా సెట్ అయిందమ్మా అని. కాదు. నేనే పెట్టాను. ఈ వేళ్ళే పెట్టాయి. కానీ నేను చూడలేదు. ఇది నమ్ముతావో లేదో.

ఎలా జరిగిందో చెప్తాను. ఆయన పాత పళ్ళకి ఫొటో లేదు, గుర్తు చెప్పేవాళ్ళు లేరు. చేతికి పట్టుకోవడానికి ఏమీ లేదు. పళ్ళు గుచ్చేటప్పుడు నేను ఆలోచించను, ఆలోచిస్తే వరస కట్టెలా వస్తుంది. మనసులో ఏదో ఒక కబురు నడుస్తూ ఉండాలి. ఆ రోజు బావతో మాట్లాడుతున్నాను. ‘ఏమయ్యా, మీ ఆవిడ ఒకాయన్ని పంపింది చూశావా. మనిషి మరీ పొగరుబోతు కాదు. కోటుకి రంగంటితే నవ్వాడు. నువ్వయితే పెయింటరు మీద పడి అరిచేవాడివి’ అని. బావ కూడా ఏదో అంటున్నాడు. అలా ఇద్దరం మాట్లాడుకుంటుంటే, ఎవరితో మాట్లాడుతున్నానో వాళ్ళ పన్నే చెయ్యి పెట్టేసింది.

నాకు అభ్యంతరం లేదు చెల్లాయ్. నోరు తెరిచే చెప్తున్నాను. నాకు బెంగ ఉంది. ఈ రెండూ ఒకటి కాదు. బావ పోయాక నాకు చదరంగం ఆడేవాళ్ళు లేరు, నా నిఘంటువు కబుర్లకి ఆవులించేవాళ్ళు లేరు. నువ్వొచ్చి ఇంకొకరి పేరు చెప్తే, ఆయన పోయాడని నాకు మళ్ళీ కొత్తగా తెలిసినట్టయింది. ఆ పొట్టి ఉత్తరంలో ఇది రాయాల్సింది. కాగితం చాలక రాయకపోలేదు.

పన్ను తీసేశాను. వేడి చాకు పెడితే తేలిగ్గానే వచ్చింది. మైనంలో గుంట మిగిలింది. ఇంకా మైనంలోనే ఉన్నాం, గట్టి చిగురుని నేను ముట్టుకోలేదు. నువ్వు వచ్చి చూస్తే మళ్ళీ వరస పెడతాను. రానంటే ఆయనకి మామూలు వరస పెట్టి పంపేస్తాను, పళ్ళు లేకుండా మనిషిని ఉంచలేం కదా. కానీ నీ పెళ్ళి ఆగితే అది నా వల్ల ఆగకూడదు.

ఇది మడత పెడుతుంటే ఆయన ఉత్తరం వచ్చింది. నీకు చూపించవద్దని రాయలేదు కాబట్టి జత చేస్తున్నాను.

అన్నయ్య

---

మెట్ల కింది దుకాణం
బుధవారం

మేస్త్రీగారికి నమస్కారాలు.

నాకు ఉత్తరాలు రాయడం అంతగా రాదు. చిన్న విషయం ఉండి రాస్తున్నాను.

మొన్న మీ దగ్గర పళ్ళు పెట్టినప్పుడు మీ చెల్లెలిగారు నన్ను చూశారు. మొదటి క్షణంలో వారు ఎంత సంతోషపడ్డారో మీరు గమనించారో లేదో, మీరు నా దవడ పట్టుకుని ఉన్నారు. నన్ను చూసి ఒక మనిషి అంత సంతోషపడడం నేను ఎప్పుడూ చూడలేదు. అది నన్ను చూసి కాదని తర్వాత బస్సులో తెలిసింది.

నేను రెండు రోజులు ఆలోచించాను. ఆ పన్ను అలాగే ఉంచడం వారికి ఊరట అయితే, నాకు ఇబ్బంది లేదు. నా పళ్ళు ఎలా ఉండేవో నాకే తెలియదు కాబట్టి నేను పోగొట్టుకునేది ఏమీ లేదు. వారికి బాధ అయితే తీసేయండి. నాకు నమలడానికి వస్తే చాలు. ఏ సంగతైనా వారినే అడిగి చేయండి. నేను అడిగితే, నన్ను నొప్పించకూడదని ఏదో ఒకటి అంటారు.

కోటు మీద రంగు పోయింది.

ఇట్లు,
గడియారాలు బాగుచేసేవాడు

---

లాండ్రీ వెనక గది
బుధవారం

అన్నయ్యకు,

రెండు ఉత్తరాలూ కౌంటరు దగ్గరే చదివాను. ఆ తర్వాత వచ్చిన బట్టలన్నిటికీ తప్పు నంబర్లు తగిలించాను. పెద్ద గొడవయింది. ఒకాయన ఇంకొకాయన ప్యాంటు వేసుకుని ఆఫీసుకి కూడా వెళ్ళొచ్చాడు.

ముందు నీ సంగతి. బెంగ ఉంటే బెంగ అని రాయొచ్చు కదా. నాకు లేదనుకున్నావా? ఇద్దరం ఒకళ్ళకి తెలియకుండా ఒకళ్ళం దాచుకుని కూర్చున్నాం. నీ మీద అంత మాట అన్నందుకు నాకు బాధగా ఉంది. అయినా నువ్వు స్టూలు ఎక్కడం ఏమిటి, ఆ మోకాలితో?

ఆ పన్ను ఉంచొద్దు. ఉంచితే నేను రోజూ మీ బావ కోసం ఆయన మొహంలోకి చూస్తాను. ఇద్దరికీ అన్యాయం చేసినదాన్నవుతాను. ఆయన ఉంచమన్నారని నాకు తెలిసింది, అది చాలు. నిన్న వాళ్ళ దుకాణానికి వెళ్ళాను. ఉత్తరం చదివానని చెప్పాను. ఆయన చేతిలో గడియారం పక్కన పెట్టకుండా, ‘మరి?’ అన్నారు.

‘మరేం లేదు. మీ పళ్ళు మీకు కావాలి. మీ అమ్మ ఎలా నవ్వేది?’ అన్నాను.

‘అమ్మా?’ అని గడియారం పక్కన పెట్టేశారు. ‘ముందు పళ్ళ మధ్య సందు ఉండేది. అందులోంచి ఈల వేసి మమ్మల్ని పిలిచేది. వీధి చివరికి వినబడేది’ అన్నారు. ‘నాకూ అలాంటి సందే అని అందరూ నవ్వేవారు. అందుకే నోరు మూసుకునేవాణ్ణి. ఇప్పుడు గుర్తొచ్చింది.’

ఎంత సందో మా ఇద్దరికీ తెలియదు. ఆదివారం వస్తాం. కూర్చోబెట్టి, నువ్వు జరుపుతూ ఉండు, నేను చూస్తూ ఉంటాను. ఎక్కువైతే చెప్తాను. నేను ఇంటి మనిషిగానే వస్తున్నాను, డాక్టరు ఏమన్నా అననీ.

ఈసారి భోజనం చేసే వెళ్తాం. ఆయనకి మెత్తగా ఉడికించు. చదరంగం ఆయనకి రాదట, నేర్పితే నేర్చుకుంటానన్నారు. ఆవులించడం మటుకు బాగా వచ్చు, తరగతిలో చూశాను.

చెల్లాయి

---

మెట్ల కింది దుకాణం వెనక గది
గురువారం

అన్నయ్యకు,

నువ్వు సాక్షి సంతకం పెట్టి, కళ్ళు తుడుచుకోవడం ఎవరూ చూడలేదనుకుని బస్సెక్కావు. చేరానని నువ్వు రాసిన కార్డు అందింది. నువ్వు వెళ్ళాక ఏం జరిగిందో అడిగావు కాబట్టి రాస్తున్నాను.

పెద్దగా ఏమీ జరగలేదు. రిజిస్ట్రారు ఆఫీసు గుమాస్తా మా పెళ్ళి కాగితాలకి ముద్ర వేసి, ‘అంతా సెట్ అయిందమ్మా, వెళ్ళిరండి’ అన్నాడు. ఆయన నా వైపు చూసి నవ్వారు, ముందు పళ్ళ సందు కనబడింది. దీన్ని మా మూటలో వేసుకోలేదు, టీచరమ్మకి అప్పటికే ఇచ్చేశాం. బయటికొచ్చి ఒక చోట కూర్చుని టీ తాగాం. ఆయన రొట్టె నానబెట్టకుండానే తిన్నారు. నమిలేటప్పుడు కుడివైపు ఒకచోట ఒత్తుతోందట, నీకు చెప్పొద్దన్నారు. చెప్తున్నాను. ఈసారి వచ్చినప్పుడు ఆకురాయితో కొంచెం రుద్దు.

లాండ్రీలో వాళ్ళు దుప్పట్ల జత ఇచ్చారు. ఎవరో వేసి తీసుకోకుండా వదిలేసినవి అనుకుంటాను, మూలకి నంబరు ఉంది. నా సామాను రెండు ట్రంకులూ ఒక కుర్చీ. గడియారాలన్నీ ఒకేసారి కొట్టవు, ఆయన కావాలనే అలా పెట్టారట, ఒకటి అయ్యాక ఒకటి వినొచ్చని. అలవాటు పడాలి.

ఆ రోజు తరగతి ఉంది. మానేద్దామా అన్నారు. డబ్బు కట్టింది ఎందుకు అన్నాను. టీ దగ్గర కూర్చుండిపోయాం కదా, వెళ్ళేసరికి పాఠం సగం అయిపోయింది. ఆలస్యంగా వచ్చామని టీచరమ్మ మమ్మల్నిద్దర్నీ వెనక బెంచీలో కూర్చోబెట్టింది.

చెల్లాయి